చెవి మేస్త్రీ, లాంచి ఇంజను

మా బాబాయిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పిన్ని "ఏవండీ" అంటుంది, నేను "బాబాయ్" అంటాను, తక్కిన లోకమంతా "చెవి మేస్త్రీ" అంటుంది. ఆయన వయసులో ఉన్నప్పుడు పాడైన ఇంజను దగ్గరికి ఎవరు పిలిచినా పానాలు పట్టుకెళ్ళేవాడు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక్కటే తీసుకెళ్ళేవాడు. దాని మొన నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి కళ్ళు తెరిచి "రెండో వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు, విప్పండి" అనేవాడు. విప్పితే జబ్బు అక్కడే ఉండేది.

అలాంటి మనిషికి చెవులు పోవడం మొదలైంది.

నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కనే నిలబడితే పోకేం చేస్తాయి. ముందు పిట్టల కూతలు పోయాయి. ఆయనకది పెద్ద నష్టంగా తోచలేదు. తర్వాత తలుపు గడియ చప్పుడు, ఆ తర్వాత చిన్నపిల్లల మాటలు. చివరికి పిన్ని మాట కూడా అరిస్తే గానీ అందని స్థితికి వచ్చింది. మా పిన్ని స్వతహాగా మెల్లగా మాట్లాడే మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆమె నోట్లో నాలుక ఉందో లేదో అని అత్తగారు అనుమానపడిందట. అలాంటామె ఇప్పుడు ఉప్పు తక్కువైందన్న సంగతి చెప్పాలన్నా వీధి చివరికి వినిపించేలా చెప్పాల్సి వచ్చేది. వాళ్ళింట్లో ఏం వండారో, ఎవరికి మలబద్ధకమో, ఏ చుట్టాన్ని ఎందుకు పిలవకూడదనుకున్నారో మా వీధి వీధంతటికీ తెలుసు.

నేను ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర పనిచేస్తాను కాబట్టి చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్షలన్నీ చేసి, నా వైపు తిరిగి చెప్పాడు.

"సన్నటి శబ్దాలు పూర్తిగా పోయాయమ్మా. లావు శబ్దాలు కాస్త మిగిలాయి. అవి ఒక ఏడాది ఉండొచ్చు. మెషిను పెట్టుకుంటే మాటలకి కొంత సాయం."

నేను అదంతా కాగితం మీద రాసి ఇచ్చాను. బాబాయి రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ అడిగాడు.

"ఏడాదంటే పన్నెండు నెలలేనా, ఈయన లెక్కలో?"

మరుసటి వారమే తోపుడుబండి మీద లాంచి ఇంజను ఇంటికొచ్చింది.

ఆ ఇంజను సంగతి చెప్పాలి. మా ఊరి రేవు నుంచి అవతలి ఒడ్డుకి వంతెన రాకముందు లాంచి తిరిగేది. బాబాయి ఇరవై రెండేళ్ళు ఆ లాంచికి డ్రైవరు, మెకానిక్కు, అడపాదడపా ప్రయాణికుల తగువులకి పెద్దమనిషి కూడా. వంతెన మీద మొదటి బస్సు వెళ్ళిన నెలలోనే లాంచిని ఒడ్డుకి లాగేశారు. చెక్కలు పొయ్యిల్లోకి పోయాయి. ఒకే సిలిండరు, రెండు చేతులూ చాపితే గానీ అందనంత పెద్ద చక్రం ఉన్న ఆ డీజిలు ఇంజను మాత్రం రేవు గోదాములో తుప్పు పడుతూ ఉండిపోయింది. ఎవరూ అడగనిదాన్ని బాబాయి అడిగాడు. తీసుకుపొమ్మన్నారు.

పిన్ని వాకిట్లో నిలబడి బండి మీది వస్తువును ఎగాదిగా చూసింది.

"ఇన్నేళ్ళు చెవులు చిల్లులు పడేలా మోగింది చాల్లేదా? ఇప్పుడు ఇంట్లోకే తెచ్చారా?"

ఈ మాట కూడా వీధంతా విన్నది. పిన్నికి ఆ ఇంజనంటే గిట్టదని అందరికీ తెలిసిందే. లాంచి మానేసిన రోజున "పీడా విరగడైంది" అని ఆమె అనడం నేనే విన్నాను.

బాబాయి నలుగురి సాయంతో ఇంజనును వెనక వసారాలో, బట్టలుతికే బండ పక్కన దింపించాడు. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచి మెల్లగా చెప్పాడు. మెల్లగా అని ఆయన అనుకున్నాడు గానీ అది కూడా గట్టిగానే వచ్చింది.

"ఒక్కసారి నడిపించి వినాలమ్మా. ఉన్న చెవులు పోయేలోపు. అంతే. ఇంకేం వద్దు నాకు."

పిస్టను సిలిండరులో బిగుసుకుపోయి ఉంది. బాబాయి పైమూత విప్పి, లోపల కిరసనాయిలూ పాత నూనే కలిపి పోశాడు. రోజూ పొద్దున్నే చక్రం మీద చెయ్యి వేసి కాస్త ఊపి చూసేవాడు. కదిలేది కాదు. సుత్తి దెబ్బ వేద్దామని నేనంటే తల అడ్డంగా తిప్పేవాడు. "నిద్రపోయేవాణ్ణి జుట్టు పట్టుకుని లేపుతామా? వాడే లేస్తాడు." తొమ్మిదో రోజున చెక్కదిమ్మ పెట్టి మెత్తగా తడితే వెంట్రుకవాసి కదిలింది. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని పిన్ని ఫిర్యాదుగా చెప్పింది.

ఆ తర్వాత పనంతా ఎదురుచూపులతోనే సాగింది. అలాంటి ఇంజన్లు చేయడం మానేసి చాలా ఏళ్ళయింది. పిస్టను రింగులు దూరపు పట్నం నుంచి వచ్చాయి. వచ్చినవి ఒక సైజు ఎక్కువ. వాటిని వెనక్కి పంపి కొత్తవి తెప్పించేసరికి నెలన్నర పోయింది. అరిగిన ఇరుసు బుష్షు స్థానంలో కొత్తది లేతు మేస్త్రీ చేసివ్వాలి. ఆయన కూతురి కాన్పని రెండు వారాలు, తన నడుం నొప్పని మూడు వారాలు గడిపాడు. బాబాయి కోపం తెచ్చుకోలేదు. ఖాళీగా ఉన్నన్నాళ్ళూ వాల్వులు అరగదీస్తూ కూర్చున్నాడు. వాల్వుకి రాపిడి పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ, మధ్యమధ్య ఎత్తి వెలుతురులో చూసుకుంటూ. మొదటి నెలల్లో ఆ గరగర ఆయనకి వినిపించేది. "ఇంకా గరుకు ఉంది" అని చెవితోనే చెప్పేవాడు. చలికాలం ముగిసేసరికి వేలిగోటితో తడిమి చూసుకోవడం మొదలుపెట్టాడు.

డీజిలును సిలిండరులోకి చిమ్మే నాజిల్ వచ్చిన రోజు బాగా గుర్తుంది. దాన్ని ఇంజనుకి బిగించేముందు బయటే మీటతో పంపు కొట్టి పరీక్షించాలి. మంచి నాజిల్ అయితే పొగమంచులా చిమ్ముతూ 'కిర్ర్' మని సన్నగా అరుస్తుంది. బాబాయి మీట నొక్కాడు. మంచు చక్కగా వచ్చింది. ఆయన తల పక్కకి వంచి కాసేపు అలాగే ఉన్నాడు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి నొక్కి నా వైపు చూశాడు.

"అరిచిందా?"

అరిచిందని తల ఊపాను. "గట్టిగానా?" గట్టిగానే అన్నాను. ఆయన గుడ్డతో నాజిల్‌ని తుడిచి, తుడిచిందాన్నే మళ్ళీ తుడిచి, "అయితే మంచిదే" అన్నాడు. ఒక ఇంజను గురించి ఆయన ఇంకొకరిని అడిగి తెలుసుకోవడం అదే మొదలు.

చివరికి మిగిలింది టైమింగ్. పిస్టను పైకొచ్చే క్షణానికి కాస్త ముందుగా డీజిలు పడాలి. మరీ ముందు పడితే ఇంజను సుత్తితో కొట్టినట్టు మోగుతుంది, తిప్పే చేతిని వెనక్కి తంతుంది. ఆలస్యంగా పడితే నీరసించి పొగ కక్కుతుంది. ఆ క్షణాన్ని గుర్తుపట్టడానికి చక్రం అంచు మీద ఒక గీత ఉంటుంది. కానీ ఈ ఇంజనుకున్న చక్రం దాని అసలు చక్రం కాదు. ఎప్పుడో పగిలిపోతే ఇంకో ఇంజనుది తెచ్చి వేశారు. ఆ గీత చెప్పేవన్నీ అబద్ధాలే. లాంచి రోజుల్లో బాబాయికి గీతతో పనే ఉండేది కాదు, చెవి ఉండేది.

ఇప్పుడు ఆయన లెక్క మొదలుపెట్టాడు. నాజిల్ కన్నంలోంచి పిస్టను మీదికి ఒక బోల్టు దింపి, చక్రాన్ని ఇటు తిప్పి తగిలినచోట ఒక సుద్దగీత, అటు తిప్పి తగిలినచోట ఒక సుద్దగీత పెట్టాడు. రెండింటికీ సరిగ్గా మధ్యన పిస్టను పూర్తిగా పైన ఉన్నట్టు. అక్కణ్ణించి పిన్ని బట్టలు కుట్టే టేపుతో అంచు వెంట వెనక్కి కొలిచాడు. పంపు మీది పైపు విప్పి, చక్రాన్ని వేలితో నెట్టినట్టు నెమ్మదిగా తిప్పుతూ, ఊరుతున్న డీజిలు ఎక్కడ ఆగిందో చూశాడు. ఆగిన క్షణమే లోపల చిమ్మడం మొదలయ్యే క్షణం. పంపు కింద రేకు ముక్కలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, సుద్దగీత దగ్గరే అది ఆగేలా చేశాడు. దానికి మూడు రోజులు పట్టింది.

"టేపు మీద నూనె మరకలు చేశారు" అంది పిన్ని.

మొదటిసారి స్టార్టు చేసింది ఒక మధ్యాహ్నం. పిన్ని వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. బాబాయి సిలిండరులో గాలి వదిలే మీట ఎత్తిపట్టి, హ్యాండిలు తిప్పి, చక్రం జోరందుకోగానే మీట వదిలాడు. ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి దగ్గి, అందుకుంది. వసారా అంతా నల్లటి పొగ. గూట్లో గిన్నెలు అదిరాయి. ఆ మోత విని పదేళ్ళయింది.

బాబాయి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక నొక్కి, కళ్ళు మూసుకున్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ముందు ఆశగా ఉంది. తర్వాత ఏదో వెతుకుతున్నట్టు కనుబొమలు దగ్గరయ్యాయి. పిడిని ఇంకో చెవికి మార్చాడు. చివరికి పళ్ళ మధ్య కరిచిపట్టుకుని చూశాడు. కళ్ళు తెరిచి డీజిలు కట్టేశాడు.

"దెబ్బ తెలుస్తోంది" అన్నాడు. "దెబ్బకీ దెబ్బకీ నడుమ చిన్న టిక్కు ఒకటి ఉండేది. దాన్ని పట్టుకునే టైమింగ్ పెట్టేవాణ్ణి. అది లేదు. ఇంజనులో లేదో, నాలో లేదో తెలియట్లేదు."

"బాగానే నడుస్తోంది బాబాయ్" అని అరిచాను.

"నీకు మాత్రల సంగతి తెలుసు తల్లీ" అన్నాడు నొప్పించకుండా.

అప్పుడు గుమ్మంలోంచి పిన్ని అంది, "ఇది ఆ ఇంజను కాదు."

ఆయన ఆమె పెదాలు కదలడం చూశాడు. "ఏమంటోంది?"

పిన్ని దగ్గరికొచ్చి గొంతు పెంచింది. "తొందరపడుతోంది అంటున్నాను. మీరు నడిపినప్పుడు ఇలా ఉండేది కాదు. సెలవు పెడితే మీ బదులు ఒకాయన వచ్చేవాడే, ఆయన నడిపితే ఇలా ఉండేది. అడిగేది పూర్తిగా వినకుండానే జవాబు చెప్పేవాళ్ళు ఉంటారు చూడండి, అలా."

బాబాయి నవ్వబోయి ఆగిపోయాడు. "నీకెలా తెలుసు?"

"తెలుసు, అంతే. వెనక్కి పెట్టండి."

ఆయనకి చిర్రెత్తింది. నలభై ఏళ్ళ అనుభవానికి వంటగదిలోంచి సలహా. అయినా మర్నాడు పంపు విప్పి, కింద ఇంకో రేకు వేశాడు. రేకు పెరిగితే డీజిలు ఆలస్యంగా పడుతుంది. విప్పిన ప్రతిసారీ పైపులు బిగించాలి, వాటిలో గాలి తీసేయాలి, ఒక పూట పని. స్టార్టు చేశాడు. పిన్ని రెండు నిమిషాలు విని, "ఇప్పుడు జ్వరం తగ్గినవాడిలా ఉంది, నీరసం" అంది.

"ఎంత నీరసం?"

"లేచి కూర్చుంటాడు. నడవలేడు."

ఆ రేకు తీసి సగం మందమున్నది కావాలి. అలాంటిది లేదు. అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, రేకును దాని మీద రుద్దుతూ కూర్చున్నాడు. మధ్యమధ్య వేళ్ళ మధ్య నలిపి చూసుకుంటూ, మళ్ళీ రుద్దుతూ. ఒకటి మరీ పలచనై చిరిగిపోయింది. రెండోది పెడితే పిన్ని "ఇంకొక్క పిసరు" అంది. అలా ఐదు మధ్యాహ్నాలు గడిచాయి. ఈ ఐదు రోజుల్లో వాళ్ళిద్దరూ అంతకుముందు ఏడాదిలో మాట్లాడుకోనన్ని మాటలు మాట్లాడుకున్నారు. అన్నీ ఆ రేకు గురించే.

ఆరో రోజున ఇంజను అందుకోగానే నాక్కూడా తేడా తెలిసింది. గిన్నెలు అదరడం ఆగింది. పొగ గొట్టంలోంచి పొగ కూడా కనీకనిపించనట్టు వస్తోంది. బాబాయి అరచేయి ఇంజను మీద పెట్టి పిన్ని వైపు చూశాడు.

పిన్ని చేతిలో ఉన్న తడిగుడ్డను పిండకుండానే బట్టలుతికే బండ మీద కూర్చుంది. గుడ్డలోని నీళ్ళు చీర మీద కారుతున్నా చూసుకోలేదు. కాసేపటికి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

బాబాయి గాభరాగా ఇంజను ఆపేశాడు. "ఏమైంది? తప్పా?"

"కాదు" అంది పిన్ని కొంగులోంచి. అది ఆయనకి చేరలేదు. ఆయన వంగి ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇక తప్పదన్నట్టు ఆమె కొంగు తీసి అరిచింది.

"సరిగ్గా ఉంది. ఇదే."

"నీకెలా తెలుసే? ఏ ఒక్క రోజూ నువ్వు లాంచి ఎక్కలేదు. ఆ మోతంటేనే నీకు పడదు."

ఆమె అలవాటు ప్రకారమైతే ఆ మాట మెల్లగా, లేదా అసలే చెప్పకుండా ఉండాల్సింది. కానీ మెల్లగా చెప్పే దారి మూసుకుపోయింది. ముప్పై ఏళ్ళుగా దాచుకున్నది ఆమె గోడలు అదిరేలా చెప్పాల్సి వచ్చింది.

"రోజూ సాయంత్రం ఏటి మలుపు దగ్గర వినిపించేది కదండీ. అది విన్నాకే పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. మీరా, మీ బదులొచ్చే ఆయనా అన్నది మలుపు తిరక్కముందే తెలిసిపోయేది. గాలివాన రోజు గుర్తుందా? ఏటి మధ్యలో ఆగిపోయింది. ఇక్కడ, ఈ వసారాలో నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి చప్పుడు లేదు. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎంతసేపో. పక్కింటావిడ వచ్చి లోపలికి రమ్మన్నా వెళ్ళలేదు. ఆవిడ మాట్లాడితే ఇంజను వినిపించదని ఆవిణ్ణి కసిరాను. తర్వాత ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆ తర్వాత ఇదిగో, ఇలాగే మోగింది."

పక్కింట్లో బట్టలు బాదుతున్న చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

బాబాయి అన్నాడు. "ఆ రోజు ఇంటికొస్తే తువ్వాలు బురద చేశానని తిట్టావు."

"తిట్టక ఇంకేం చేయమంటారు?"

"పైపులో నలుసు అడ్డుపడింది ఆ రోజు" అన్నాడాయన. "ముప్పై మంది ఉన్నారు లాంచిలో. ఆ నలుసు ఎక్కడుందా అనే తప్ప నాకింకేం తోచలేదు. నువ్వు ఇక్కడ నిలబడి ఉంటావని ఒక్కసారి కూడా అనుకోలేదే."

"అనుకుంటే నలుసు దొరికేది కాదు" అంది పిన్ని, లేచి గుడ్డ పిండుతూ. అది కూడా అరిచే చెప్పింది.

ఆ ఇంజనును తర్వాత చాలా రోజులు నడిపారు. బాబాయి స్టార్టు చేసి చెయ్యి ఆనించి నిలబడేవాడు. పిన్ని బండ మీద కూర్చునేది. ఒక్కోసారి ఆయన అడిగేవాడు, ఇప్పుడు లాంచి ఎక్కడుందని. ఆమె వేలెత్తి అవతలి ఒడ్డు దగ్గరనో, నడి ఏట్లోననో గాల్లో చూపించేది. పిన్ని వేలు కదిలినంతసేపూ ఆయన ఆ వేలినే చూసేవాడు.

వానలు మొదలయ్యేసరికి లావు శబ్దాలు కూడా పోయాయి. డాక్టరు ఇచ్చిన ఏడాదిలో ఇంకా రెండు నెలలు మిగిలే ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఒకసారి, పంపు తుడుస్తూ, నన్ను చూడకుండా అన్నాడు.

"ఇంజను బాధ లేదమ్మా. అది తల్లోనే ఉంది, ఎప్పుడంటే అప్పుడు మోగుతుంది. మీ పిన్ని మాట ఉందే, అరిచేది కాదు, మామూలుగా తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడేది, అది గుర్తు తెచ్చుకుందామంటే రావట్లేదు. ముందుగా తెలిసుంటే ఇంజను మానేసి అదే వింటూ కూర్చునేవాణ్ణి."

ఈ మాట నేను పిన్నికి చెప్పలేదు. చెప్పాలంటే మెల్లగానే చెప్పొచ్చు, ఆమెకి చెవులున్నాయి. అయినా నోరు రాలేదు.

మొన్న వేసవిలో చేపల పడవ నడిపే ఒకామె తన ఇంజను మరీ ఎక్కువగా కొట్టుకుంటోందని పిన్ని వాళ్ళింటికి తెచ్చింది. బాబాయి విప్పి, బాగుచేసి, బిగించాడు. పిన్ని విని, రెండుసార్లు వద్దంది, మూడోసారి తల ఊపింది. పడవామె ఇంజనును బండెక్కించుకుని వెళ్ళిపోయాక ఆయన చేతులు కడుక్కుంటూ, ఎలా మోగిందో చెప్పమన్నాడు. పిన్ని నోరు తెరిచింది గానీ అరవలేదు. ఆయన పక్కన కూర్చుని, నాక్కూడా సరిగ్గా వినిపించనంత మెల్లగా, చాలాసేపు చెప్పింది. ఆయన ఆమె పెదాలు చూస్తూ విన్నాడు.